నాలుక మీది ఊరు

స్తూర్‌నెస్, ఉత్తర నార్వే
నవంబరు 2002

తిమా అమ్మకు సలాం.

క్షేమంగా చేరాను. ఇక్కడి చలి గురించి రాయను, రాసినా నువ్వు నమ్మవు. సముద్రం ఉంది, పడవలున్నాయి, చేపలు మన వాటికంటే లావుగా ఉన్నాయి. కానీ శరణు ఇచ్చేదాకా పని చెయ్యకూడదట. నేను ఒడ్డున నిలబడి, వీళ్ళు వల ముడివేసే పద్ధతి చూసి లోలోపల తప్పులు పడుతుంటాను. చెక్కతో కట్టిన పాత బడి ఒకటుంది, అందులోనే మా మకాం. గదికి నలుగురం.

నిన్న ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి చెవులకు ఫోను తగిలించారు. అవతల ఎవరో మనిషి. పేరు చెప్పలేదు. ఏ దేశం నుంచి మాట్లాడుతున్నాడో తెలీదు. స్వాహిలీ మాత్రం నీటుగా మాట్లాడాడు. "మీకు ఏయే భాషలొచ్చు? ఒక్కొక్కటీ ఎట్లా వచ్చిందో నిదానంగా చెప్పండి" అన్నాడు. నేను పొంగిపోయాననుకో. ఇంతదూరం వచ్చాక నా మాట చెవినపెట్టిన మొదటి మనిషి వాడే.

చెప్పాను. మా చులా ద్వీపం మాట అమ్మ దగ్గర. అరబ్బీ ఒస్తాదు బెత్తం దగ్గర. సోమాలీ కిస్మాయో బజారులో, ఎండుచేపలు అమ్ముతూ. ముందు తిట్లు వచ్చాయి, లెక్కలు తర్వాత. పడవ ఇంజను సామాన్ల పేర్లన్నీ తాత నోటి నుంచి. అవి ఇటలీవాళ్ళ మాటలని పెద్దయ్యేదాకా తెలీదు, మా ఇంటి మాటలే అనుకున్నాను. తర్వాత సోమాలియాలో యుద్ధం, పారిపోయి కెన్యాకొస్తే మొంబాసా శిబిరం. "మరి ఇప్పుడు మాట్లాడుతున్న ఈ భాష ఎవరు నేర్పారు?" అన్నాడు.

"మా ఆవిడ" అన్నాను.

అవతల నవ్వాడో దగ్గాడో తెలియలేదు. అన్నీ రికార్డు చేసుకున్నారు. ఆ మాటలు విని నేను ఎక్కడివాడినో తేలుస్తారట. ఇంకేం కావాలి? తిమాకి ముద్దులు. నీకు అడక్కుండానే.

ఖేరి


మొంబాసా, పాతబస్తీ
డిసెంబరు 2002

తిమా నాన్నా,

నీ ఉత్తరం అబూద్ కొట్లో పంచదార డబ్బా కింద పడి ఉందట. పండగ హడావిడిలో మర్చిపోయానన్నాడు. వీధంతా వినేట్టు తిట్టాను.

"మా ఆవిడ" అన్నావా? పరాయి మగాడి చెవిలో నా గొప్పలెందుకు? అయినా నిజమేలే. శిబిరం నుంచి ఎండలో నడిచొచ్చి మా గుమ్మంలో నిలబడి "మాయి" అన్నావు. "మాయి ఏమిటి, మేకపిల్లలా? నీళ్ళని మాజి అంటారు. అట్లా అను, అప్పుడిస్తా" అన్నాను. పాపం, అన్నావు. మా అక్కలు తలుపు చాటున పొట్టలు పట్టుకుని నవ్వారు. నీకు నీళ్ళిచ్చింది నేను, నవ్వింది వాళ్ళు, కోపం మాత్రం నా మీద చూపించావు.

మూడు అనడానికి మేము తాతు అంటే మీరు చాచు అంటారు. ఆ మాట నా ముందు అనలేక, నేను వేయించి అమ్మే మహమ్రీ బూరెలు మూడు కావాల్సి ఉన్నా రెండే కొనుక్కుపోయేవాడివి. ఆ సంగతి పెళ్ళయ్యాకగదా చెప్పావు! తెలిసుంటే మూడోది ఊరికే పెట్టేదాన్ని. మన నిఖా నాటికి మా నాన్నే అన్నాడు, "ఈ అల్లుడు ద్వీపం వాడంటే ఎవరు నమ్ముతారే? నాకంటే మొంబాసా వాడిలా ఉన్నాడు" అని. ఆ రోజు నా తల ఎంత ఎత్తున ఉందో.

తిమాకి ముందు పన్ను ఊడింది. మా నాన్న మంచుదేశంలో ఉన్నాడని బడిలో చెబితే ఎవరూ నమ్మలేదని ఏడుస్తూ వచ్చింది. మంచులో నీ ఫోటో ఒకటి పంపు. టోపీ తీసేసి దిగు, లేకపోతే నువ్వని నేనూ నమ్మను.

మ్వానషా


స్తూర్‌నెస్
ఫిబ్రవరి 2003

తిమా అమ్మకు,

ఫోటో పంపుతున్నాను. టోపీ తీస్తే చెవులు ఊడతాయి, అందుకని తియ్యలేదు.

కబురు ఇంకా రాలేదు. కంగారు పడకు. వీళ్ళు దేనికీ తొందరపడరు.

తోర్‌దిస్ అని ఒక పెద్దావిడ మాకు నార్వే భాష నేర్పుతోంది. ఈ దేశం చిత్రం చూడు. ఊరికో మాట. ఈవిడ దక్షిణాన ఏదో లోయలో పుట్టిందట, ముప్పై ఏళ్ళ కింద ఇక్కడికి కాపురానికొచ్చి ఇంకా ఆ లోయ మాటే మాట్లాడుతుంది. "మీ ఆయన నవ్వలేదా?" అని అడిగాను. "ఎందుకు నవ్వుతాడు? నా మాట నాది, ఆయన మాట ఆయనది" అంది. నేనేదో అడగకూడనిది అడిగినట్టు చూసింది.

రొట్టె, గొడుగు, వీలుపడదు అనే మాటలు వచ్చాయి నాకు. మూడోది ఎక్కువగా వినబడుతుంది.

ఖేరి


మొంబాసా
మార్చి 2003

ఖేరీ,

హాజీ బక్రి కొడుకు నీతోపాటు అదే వసతిలో ఉన్నాడని నాకు తెలీదనుకున్నావా? వాడు వాళ్ళమ్మకి రాశాడు. వాళ్ళమ్మ చేపల బజారులో, నలుగురి మధ్య నన్ను ఆపి ఓదార్చింది. దేనికి ఓదారుస్తోందో తెలియక నేను నవ్వుమొహం పెట్టుకుని నిలబడ్డాను.

జనవరిలోనే కాదన్నారట కదా. ఫిబ్రవరిలో నాకు గొడుగు గురించి రాశావు.

ఏమన్నారు? ఎందుకు కాదన్నారు? దాచకుండా రాయి. నీ పరువు కోసం నేను ఊళ్ళో ఎన్ని మాటలైనా దాస్తాను. నువ్వు నా దగ్గర దాస్తే నేనెవరికి చెప్పుకోను?

మ్వానషా


స్తూర్‌నెస్
ఏప్రిల్ 2003

మ్వానషా,

కోపం తగ్గాకే చదువు.

నా మాటలు విన్న మనిషి ఇచ్చిన తీర్పు ఇది. వకీలు నిదానంగా చదివి వినిపించాడు. "మాట్లాడిన వ్యక్తి భాష నిస్సందేహంగా కెన్యా తీరానిది. దక్షిణ సోమాలియా ద్వీపాల జాడ బహు తక్కువ." అంతే. నీళ్ళు అనాల్సి వచ్చినప్పుడల్లా మాజి అన్నానట. మూడు అన్నప్పుడు తాతు అన్నానట. ద్వీపం వాడైతే అట్లా అనడట.

మరి చులా గురించి చెప్పినవన్నీ? మసీదు ఎటు తిరిగి ఉందో, ఏ నెలలో గాలి మారుతుందో, మా రేవులో ఏ రాయి తగిలి పడవ పగులుతుందో అన్నీ చెప్పాను. అవి ఎవరైనా విని చెప్పొచ్చట. శిబిరం మూసేశాక కాగితం లేకుండా మీ ఇంట్లోనే ఏళ్ళ తరబడి ఉన్నానని, పోలీసులు పట్టుకుని సరిహద్దు దాటించారని, తిరిగి ద్వీపానికి వెళ్తే మా ఇంట్లో ఎవరో తుపాకులవాళ్ళు కాపురముంటున్నారని, మన పడవ మనకిమ్మని అడిగినందుకు అన్నయ్యను రేవులోనే కాల్చేశారని చెప్పాను. విన్నారు. అన్నయ్య పేరు అక్షరాలు సరిగ్గా రాసుకున్నారు. కానీ మనిషి అబద్ధం చెప్తాడు, నాలుక చెప్పదు అన్నారు.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిదే. ఊరే వేరేదని తేల్చారు.

నీకు రాయకపోవడానికి కారణం ఇదే. చదవగానే నువ్వేమనుకుంటావో తెలుసు. అట్లా అనుకోకు. నువ్వు నవ్వబట్టి నేను మారలేదు. మీ ఇంట్లో ఒకడిగా కనబడాలని నేనే మారాను. రాత్రిళ్ళు శిబిరంలో పడుకుని నీ మాటలు నీ గొంతుతోనే అనుకునేవాణ్ణి. ఇప్పుడు అమ్మ మాట గుర్తు చేసుకుందామని కూర్చుంటే నీ గొంతే వస్తోంది. అమ్మ గొంతు రావడం లేదు.

ఇంకొకసారి అడగొచ్చని వకీలు అన్నాడు.

ఖేరి


మొంబాసా
జూన్ 2003

తిమా నాన్నా,

ఏడవలేదు. ఏడ్చే తీరిక లేదు.

కిసౌని సందులో ఎషా అవ్వ అని ఉంది, మీ ద్వీపాల మనిషి. వారానికి నాలుగు రోజులు అక్కడికే పోతున్నాను. అవ్వకి పళ్ళు లేవు, సగం మాటలు గాలిగానే వస్తాయి. పొగాకు పెడితేగానీ నోరు విప్పదు. పెట్టాక విప్పితే మూయదు. "వంటింట్లో ఏమనేవారు అవ్వా?" అంటే తన మొదటి మొగుడి కథ మొదలుపెడుతుంది. అందులోంచి మాటలు ఏరుకుంటున్నాను, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు. కాదు, రాళ్ళలో బియ్యం ఏరినట్టు.

ఈ కాగితాల నిండా అవే. పొయ్యి, చుక్కాని, పురుటి స్నానం, అలిగిన పిల్ల, ఆటుపోట్లు. పైకి చదువు. నిద్రలో కూడా నా మాట రాకూడదు నీకు. నన్ను మర్చిపోవడం ఇన్నాళ్ళకి పనికొచ్చే పని అయింది.

నైరోబిలో సర్కారు కచేరీకి వెళ్ళాను. మా ఆయన ఈ దేశం వాడు కాదని కాగితం ఇవ్వండి అని అడిగాను. బల్ల అవతల మనిషి నన్ను కిందకీ పైకీ చూశాడు. "ఉన్నవాడికి ఉన్నాడని ఇస్తాం. లేనివాడికి లేడని ఎట్లా ఇస్తామమ్మా? లేనివాళ్ళు లోకమంతా ఉన్నారు. వాళ్ళందరికీ ఇచ్చుకుంటూ కూర్చోమంటావా?" వెనక వరసలో జనం నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని తిరుగు బస్సు డబ్బులు లెక్కపెట్టుకున్నాను.

తిమా నాతో అవ్వ దగ్గరికొచ్చి, అవ్వ మాట్లాడినట్టు మాట్లాడి నన్ను వెక్కిరిస్తోంది. చెంప మీద కొట్టబోయి ఆగాను. అది వాళ్ళ నాన్నమ్మ భాష కదా.

మ్వానషా


స్తూర్‌నెస్
సెప్టెంబరు 2003

మ్వానషా,

రెండోసారి అయిపోయింది. ఈసారి ఆడగొంతు. నువ్వు పంపిన మాటలన్నీ నా నోట్లో సిద్ధంగా ఉన్నాయి. మాయి అన్నాను, చాచు అన్నాను. అడగని మాటలు కూడా అన్నాను. పురుటి స్నానం గురించి ఎందుకు చెప్పానో నాకే తెలీదు. ఆవిడ "మీరు కొంచెం ఆగి ఆగి మాట్లాడుతున్నారెందుకు?" అంది. నేను ఆగకుండా చుక్కాని గురించి చెప్పుకుపోయాను.

తీర్పు వచ్చింది. "కంఠస్థం చేసిన మాటలు. పైగా అన్నీ ఒకే ద్వీపానివి కావు." అవ్వ ఏ ద్వీపం మనిషో అడిగావా? కోయామా అయ్యుంటుంది. మాకు వాళ్ళకు మధ్య పడవ మీద సగం పూట, మాటకి మాట తేడా. చిన్నప్పుడు మేమూ వాళ్ళను వెక్కిరించేవాళ్ళం. అవ్వనేమీ అనకు. పొగాకు పెట్టు.

ఇంక అడగడానికి ఏమీ లేదన్నాడు వకీలు. శరణు లేనివాళ్ళకి నార్వే భాష నేర్పడం కూడా దండగట, తరగతికి రావద్దన్నారు. తోర్‌దిస్ తలుపు దగ్గర నిలబడి "ఇది నేను పెట్టిన నియమం కాదు ఖేరి" అని, నాకు అర్థం కాలేదేమోనని మళ్ళీ మళ్ళీ చెప్పింది. ఇంటికి పిలిచి కాఫీ ఇస్తుంటుంది. ఆవిడకి మన మాటలు కొన్ని నేర్పాను. ఏదైనా అయితే నీకు చెబుతుందని అబూద్ కొట్టు నంబరిచ్చాను.

భోజనాల గదిలో పక్కవాళ్ళ మాటలు ఏరుకుంటున్నాను. ఎరిత్రియా కుర్రాడి దగ్గర ఉప్పు, ఓపిక పట్టు. అఫ్గన్ ముసలాయన దగ్గర మోకాలు, వాన, నా కొడుకు. ఇవన్నీ ఎవరితో మాట్లాడతాను?

ఖేరి


మొంబాసా
అక్టోబరు 2003

ఖేరీ,

నేనొకటి ఆలోచించాను. రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు, ముందు నీకే రాస్తున్నాను.

వాళ్ళు నిన్ను కెన్యా వాడివి అంటున్నారు. ఇన్నాళ్ళూ కాదు కాదని పోట్లాడాం. ఎందుకు పోట్లాడాలి? ఔనను. నేను మొంబాసా వాణ్ణే, అబద్ధం చెప్పాను, నన్ను మా ఊరికి పంపెయ్యండి అని సంతకం పెట్టు. వాళ్ళ విమానంలో వాళ్ళే తెచ్చి దించుతారు. దిగాక జైల్లో పెడితే పెట్టనీ. ఇక్కడి జైలుకి నేను అన్నం పట్టుకుని నడిచి రాగలను. తిమా కడ్డీల్లోంచి నీ చెయ్యి పట్టుకోగలదు.

నిజం చెప్పి ఏం బావుకున్నాం?

అవ్వ మాటలు ఆపెయ్. నా మాటలు మాట్లాడు. నేను నీళ్ళివ్వకుండా ఎండలో నిలబెట్టి నేర్పిన మాటలు ఎక్కడికి పోతాయి?

నీ మ్వానషా


స్తూర్‌నెస్
ఫిబ్రవరి 2004

మ్వానషా,

ఇన్నాళ్ళూ రాయనందుకు తిట్టుకునే ఉంటావు. జరిగింది ఒకే ఉత్తరంలో రాస్తాను. రెండోసారి రాయలేను.

నువ్వు చెప్పినట్టే చేశాను. సంతకం పెట్టాను. నీకు చెప్పలేదు. చెబితే నువ్వు ఇల్లు కడిగి, చేపలు తెచ్చి, వీధి చివర నిలబడతావు. మధ్యలో ఏదైనా అడ్డం పడితే ఆ చేపలేం కావాలి? దిగాక ఫోన్ చేద్దామనుకున్నాను.

జనవరిలో తీసుకెళ్ళారు. నాకు అటొక పోలీసు, ఇటొక పోలీసు. మంచివాళ్ళే, కిటికీ సీటు నాకే ఇచ్చారు. దారంతా నీ మాటలు వల్లెవేసుకున్నాను. మాజి, తాతు, అబూద్ బేరాలు, మీ అక్కల శాపనార్థాలు. తెల్లారేసరికి కింద ఎర్రమట్టి కనబడింది. నైరోబి. పొద్దున్నే దిగాం.

ఒక గదిలో కూర్చోబెట్టారు. మన అధికారి ఒకాయన వచ్చాడు. తీరం మనిషి, లాము పట్నం వాడు. అల్లం టీ తెప్పించాడు. "ఏ ఊరన్నా?" అన్నాడు. "మొంబాసా, పాతబస్తీ" అన్నాను. ఏ వీధి, ఏ మసీదు, మామగారి పేరేంటి, అన్నీ అడిగాడు. అన్నీ చెప్పాను, నిజాలే కదా. రాసుకోవడం ఆపేసి కలం బల్ల మీద పెట్టాడు.

"అన్నా, ఏమీ అనుకోకు. మా అమ్మమ్మది మీ పక్క ద్వీపం. నువ్వు రెండు మాటలు అనేసరికే తెలిసిపోయింది. మొంబాసా మాటలే అంటున్నావు, కానీ రాగం మీ ద్వీపానిది" అన్నాడు.

అవ్వ మాటలు నెలల తరబడి పైకి చదివాను కదా. నాకు తెలియకుండానే నాలుక ఇంటికి పోయింది.

"తమ్ముడూ, నా భార్య ఇక్కడే ఉంది. నా బిడ్డ ఇక్కడే ఉంది" అన్నాను. ఏ మాటలో అన్నానో నాకు తెలీదు. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "నీకు ఈ దేశం కాగితం ఒక్కటి కూడా లేదు. మావాడే అని నేను రాస్తే రేపు నన్ను అడుగుతారు. నాకూ పిల్లలున్నారన్నా" అన్నాడు. ఒక్క ఫోను చేసుకోనివ్వమన్నాను. అబూద్ కొట్లో ఎవరూ ఎత్తలేదు.

ఇంత కాలానికి ఒక మనిషి నన్ను నన్నుగా గుర్తుపట్టాడు మ్వానషా. గుర్తుపట్టి వెనక్కి పంపాడు.

సాయంత్రం విమానంలో అదే పోలీసులతో ఎక్కించారు. నేను ద్వీపం వాడినని ఆ అధికారి రాసిచ్చిన తీర్పు వకీలూ నేనూ ఇక్కడి వాళ్ళకి చూపించాం. అది మనిషి చెవితో విన్నది, పరీక్ష కాదు, చెల్లదన్నారు. మళ్ళీ అదే గది. కిటికీ పక్కనున్న నా మంచం మాత్రం వేరేవాళ్ళకిచ్చారు.

నేను అక్కడిదాకా వచ్చి పోయానని నీకు చెప్పకూడదనుకున్నాను. కానీ ఒకసారి దాచి చూశాను కదా.

ఖేరి


మొంబాసా
మార్చి 2004

ఖేరీ,

నీ ఉత్తరం అందింది. ఇప్పుడు నాది విను.

ఆ జనవరిలో ఒక మధ్యాహ్నం అబూద్ పరుగెత్తుకొచ్చాడు, ఎవరో తెల్ల ఆవిడ ఫోనులో ఉందని. తోర్‌దిస్. నువ్వు నేర్పిన మాటలే ఆవిడకొచ్చు. "ఖేరి. నైరోబి. బుధవారం. పొద్దున." నేను ఏదేదో అడిగాను. ఆవిడ మళ్ళీ అవే మాటలు చెప్పింది, అంతే నెమ్మదిగా.

ఆ రాత్రే బస్సెక్కాం. అబూద్ కొట్టు మూసి బస్టాండు దాకా సామాను మోశాడు, మర్నాడు కూడా ఆలస్యంగానే తెరిచాడట. నువ్వు ఫోను చేసింది అప్పుడే అయ్యుంటుంది. తిమాకి పండగ గౌను వేశాను. చేపలు తేలేదు, దారిలో పాడవుతాయని. మహమ్రీలు చేసి గుడ్డలో కట్టాను.

విమానాశ్రయంలో జనం బయటికొచ్చే తలుపు దగ్గర నిలబడ్డాం. పొద్దున్నే నార్వే పోలీసులతో ఎవరైనా దిగారా అని కాపలావాణ్ణి అడిగాను. "దిగితే ఈ తలుపులోంచే వస్తారు, ఇక్కడే ఉండు" అన్నాడు. ఉన్నాం. ప్రతి మగాణ్ణీ చూశాను. టోపీ ఉన్నవాళ్ళను రెండుసార్లు చూశాను. మధ్యాహ్నం మళ్ళీ అడిగాను. "అట్లాంటివాళ్ళెవరూ రాలేదమ్మా, ఇంటికి పో" అన్నాడు.

నువ్వు విమానమే ఎక్కలేదనుకున్నాను. సంతకం పెట్టడానికి మనసొప్పలేదేమో, ఆ మంచే నయమనుకున్నావేమో అని కూడా అనుకున్నాను. అందుకే నేనూ రాయలేదు. కోపంతో కూర్చున్నాను.

గోడ అవతల టీ తాగుతున్నావని నాకేం తెలుసు?

నన్ను ఇప్పుడు ఏమీ అడగకు. నా దగ్గర ఇంకొక ఉపాయం లేదు. మా అన్నయ్య నాకు వేరే సంబంధం గురించి మాట్లాడుతున్నాడు. వినడం లేదు, వద్దనీ అనడం లేదు. మాటలు అయిపోయాయి నాకు.

ఆ సాయంత్రం బస్సు వేళ దాకా బయట గడ్డిలో కూర్చున్నాం. తిమా అంత దగ్గరగా విమానాలు ఎప్పుడూ చూడలేదు. అలసట కూడా మర్చిపోయింది. గడ్డిలో గెంతుతూ, పైకి లేచిన ప్రతి విమానానికీ చెయ్యి ఊపింది.

మ్వానషా